ఇంటి బయట కెమెరా: మెగాపిక్సెళ్లు తర్వాత, ముందు టేపు తీయండి

షాపులో అడుగుపెట్టగానే "ఎన్ని మెగాపిక్సెల్ ఇమ్మంటారు?" అంటారు. ఆ మాటకి జవాబు చెప్పేలోపు ఇంటి దగ్గర టేపు పట్టి ఒక్క కొలత తీసుకోండి. కెమెరా బిగించే చోటు నుంచి, మనిషి ముఖం తెలియాల్సిన చోటికి ఎన్ని అడుగులు?

కొత్తమనిషి ముఖం పోల్చుకోవాలంటే, అతను నిలబడ్డ చోట ఒక మీటరు వెడల్పుకి 250 పిక్సెళ్లు పడాలని లెక్క. 2 మెగాపిక్సెల్ బొమ్మ వెడల్పు మొత్తం 1920 పిక్సెళ్లే. అంటే ఏడున్నర మీటర్లకి మించి వెడల్పు చూపించిన చోట ముఖం చెదిరిపోతుంది. షాపుల్లో ఎక్కువగా చేతిలో పెట్టే 2.8 ఎంఎం లెన్సు నూరు డిగ్రీలకి పైనే చూస్తుంది కాబట్టి, పది అడుగులు దాటేసరికే ఆ హద్దు వచ్చేస్తుంది. ఎంఎం అంకె పెరిగేకొద్దీ లెన్సు ఇరుకుగా, దూరం చూస్తుంది: 4 ఎంఎం అయితే సుమారు 14 అడుగులు, 6 ఎంఎం అయితే 23 అడుగుల దాకా పని చేస్తుంది. అదే 2.8 లెన్సుతో 4 మెగాపిక్సెల్‌కి డబ్బు పెడితే పెరిగేది మూడడుగులు, అంతే. గేటు ఇరవై అడుగుల దూరంలో ఉన్న విజయవాడ పటమట ఇంటికి గేటు మీదకి 6 ఎంఎం ఒకటి, కారు షెడ్డుకి 2.8 ఒకటి సరిపోతాయి. గుంటూరు బ్రాడీపేట సందులో రోడ్డు మీదకే గుమ్మం ఉన్న ఇంటికి 2.8 చాలు.

ఎత్తు 8 నుంచి 9 అడుగులు. చేతికి అందుతుందేమోనని స్లాబు అంచున 12 అడుగుల మీద పెట్టిస్తారు, తీరా చూస్తే దొంగ నడినెత్తి తప్ప ఏమీ పడదు.

సజ్జ నీడలోంచి ఎండలో ఉన్న రోడ్డుని చూసే కెమెరాకి 120 డీబీ డబ్ల్యూడీఆర్ (ఎండా నీడా రెండూ ఒకే బొమ్మలో తెలిసేలా చూపే గుణం) ఉండాలి, లేకపోతే గేటులో నిలబడ్డ మనిషి నల్లటి నీడలా వస్తాడు. కాగితం మీద "డిజిటల్ డబ్ల్యూడీఆర్" అని ఉంటే అది వేరే సరుకు, బొమ్మని సాఫ్ట్‌వేర్‌తో దిద్దేదే. కెమెరా ఒంటికి లోహపు తొడుగు, ఐపీ67 (దుమ్మూ నీళ్లూ చొరబడవన్న గుర్తు), 60 డిగ్రీల దాకా ఓర్చుకుంటుందన్న రాత చూసుకోండి. మేలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో, పడమటి గోడ మీద కెమెరా ఒళ్లు గాలి కన్నా ఇంకా వేడెక్కుతుంది. ఎండ పడే చోట బుడగ ఆకారపు డోమ్ కెమెరా వద్దు. బుడగ పచ్చబడుతుంది, వానచుక్కలు దాని మీదే నిలుస్తాయి. గొట్టంలా ఉండే బుల్లెట్ కెమెరా మేలు.

రాత్రి బొమ్మ తెల్లగా పాలిపోతే ముందు పక్కగోడని, సజ్జ అడుగుని చూడండి. కెమెరా రాత్రి వేసే ఐఆర్ (కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్) వెలుగు దగ్గరి సున్నం గోడకి తగిలి లెన్సులోకే తిరిగొస్తుంది. కెమెరాని అరడుగు ముందుకి జరిపితే పోతుంది. రెండో దోషి సాలెపురుగు. ఐఆర్ వెచ్చదనానికీ, వెలుగుకి చేరే పురుగులకీ అది అక్కడే గూడు కడుతుంది, ఊగే దారం ఒక్కటి చాలు, ఎవరో కదిలారని ఫోను రాత్రంతా మోగడానికి. నెలకోసారి పొడవాటి బూజుకర్ర పట్టండి. రాత్రి రంగు చూపించే తెల్లలైటు కెమెరా తీసుకుంటే, మనిషి వస్తేనే వెలిగేలా పెట్టుకోండి. తొలకరికి ఉసిళ్లు కమ్ముకుంటే మరేమీ కనపడదు.

ఇక వైరు. ఎక్కువ తగాదాలు ఇక్కడే. పగలంతా బాగున్న కెమెరా చీకటి పడగానే ఆరుతూ వెలుగుతూ ఉంటే అది పాడైందని మార్చేయకండి. ఐఆర్ లైట్లు వెలగగానే కరెంటు ఎక్కువ లాగుతుంది, సన్నటి వైరు 25 మీటర్లు పోయేసరికి 12 వోల్టుల్లో కొంత దారిలోనే పోతుంది, కెమెరా ఆగుతుంది, లైటు ఆరగానే వోల్టేజి కోలుకుని మళ్లీ లేస్తుంది. లావు కాపర్ వైరు వేయించండి, లేదా పీఓఈ (నెట్‌వర్క్ వైరులోనే కరెంటు అందే) కెమెరాలకి మారండి. ఒకే క్యాట్6 వైరులో బొమ్మా, కరెంటూ 100 మీటర్ల దాకా పోతాయి. వైరు కొనేటప్పుడు తీగని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. జాయింటు గాల్లో టేపు చుట్టి వదలకుండా జంక్షన్ బాక్సులో పెట్టించండి. వైరు బాక్సులోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు ఉంటే వాననీరు అక్కడే కారిపోతుంది.

వైఫై కెమెరా అద్దె ఇంటికి సరే. కానీ రెండు గోడలు దాటి గేటు దగ్గర సిగ్నల్ నిలుస్తుందా అని ముందు అక్కడ ఫోను పట్టుకుని వీడియో చూడండి. దానికీ కరెంటు వైరు కావాలి, ఆ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు.

నాలుగు కెమెరాలు ఒక్కోటి 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్లు) చొప్పున రోజుకి 86 జీబీ రాస్తాయి. 1 టీబీ డిస్కు పదకొండు రోజులకి నిండుతుంది. పిల్లల దగ్గరికి నెల్లాళ్లు వెళ్లేవాళ్లకి కనీసం 3 టీబీ ఉండాలి, అదీ నిఘా కెమెరాల కోసం చేసిన డిస్కే. రికార్డరు, రౌటరు, పీఓఈ స్విచ్ మూడూ ఇన్వర్టర్ లైను మీదే ఉండాలి; ఒక్కటి ఆగినా లాభం లేదు. రికార్డరుని హాల్లో టీవీ కింద పెట్టకండి. దొంగ మొదట దాన్నే ఎత్తుకుపోతాడు. పైగా 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి ఎంత ఎత్తున వచ్చాయో తెలిసిందే. మేడమీద గదిలో, గాలాడే అరలో పెట్టండి.

2025 ఏప్రిల్ 9 నుంచి సీసీటీవీ కెమెరాలకి సైబర్ భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. బాగా తక్కువ ధర చెప్తే ఆ మోడల్‌కి ఎస్‌టీక్యూసీ (కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ) ధ్రువీకరణ ఉందా అని అడగండి. యాప్ ఖాతా బిగించే కుర్రాడి నంబరుతో కాకుండా మీ నంబరుతో తెరిపించి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేత్తో మార్చండి. ఎదురింటి కిటికీ బొమ్మలో పడుతుంటే ఆ ముక్కని ప్రైవసీ మాస్క్‌తో కప్పించండి.

బిగించినవాళ్లకి మిగతా డబ్బు పగలు ఇవ్వకండి. రాత్రి ఎనిమిదికి లైట్లన్నీ ఆర్పి, గేటు తీసుకుని మామూలుగా నడిచి రండి. తర్వాత రికార్డింగ్ వెనక్కి తిప్పి, గేటు దగ్గర ఆపి చూడండి. మీ ముఖం మీ పక్కింటివాళ్లు పోల్చుకోగలిగితే లెక్క తీర్చండి.