పాత పోర్షా కార్లలో ఐఎంఎస్ బేరింగ్: లోపాన్ని ముందే పసిగట్టడం, తర్వాత చేయవలసిన పనులు

పోర్షా సంస్థ 1996లో బాక్‌స్టర్‌తోను, ఆ మరుసటి ఏడాది 996 తరం 911 కరేరాతోను ప్రవేశపెట్టిన ఎం96 ఇంజిన్, దాని తర్వాత వచ్చిన ఎం97 ఇంజిన్ నడపడానికి ఎంతో హాయిగా ఉండే ఆరు సిలిండర్ల యంత్రాలు. వాటికి ఉన్న చెడ్డపేరులో ఎక్కువ భాగం ఒకే ఒక చిన్న భాగం తెచ్చిపెట్టినది. అది ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్, అందరి వాడుకలో ఐఎంఎస్ బేరింగ్. అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో కూడా సెలవు రోజుల సరదాకు పాత బాక్‌స్టర్‌నో 996నో కొనుక్కునేవారు ఉన్నారు. అటువంటి కారు కొన్నవారు, కొనబోయేవారు ఈ బేరింగ్ గురించి భయపడనక్కరలేదు గాని, దాన్ని తెలుసుకుని తీరాలి. సమయానికి మార్చిన బేరింగ్ ఖర్చు క్లచ్ పనిలో కలిసిపోతుంది. మార్చకుండా వదిలేసిన బేరింగ్ విరిగితే పోయేది మొత్తం ఇంజిన్, దాని ఖరీదు చాలాసార్లు కారు ఖరీదుకు సమానం.

ఈ ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌లను నేరుగా తిప్పదు. క్రాంక్‌షాఫ్ట్ తన కింద ఉన్న ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ను ఒక చైన్‌తో తిప్పుతుంది, ఆ షాఫ్ట్ రెండు కొసల నుంచి వెళ్లే చైన్లు రెండు వైపుల క్యామ్‌షాఫ్ట్‌లను తిప్పుతాయి. షాఫ్ట్ ముందు కొసకు ఆయిల్ ఒత్తిడితో అందుతుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ఫ్లైవీల్ వైపు కొసను మాత్రం రెండు పక్కలా రబ్బరు సీలు ఉండి, లోపల గ్రీజు నింపిన బాల్ బేరింగ్ మోస్తుంది. ఏళ్ల తరబడి వేడి ఆయిల్‌లో నానిన సీలు గట్టిపడి, ఆయిల్ మెల్లగా లోపలికి దిగి గ్రీజును కడిగేస్తుంది. కానీ అదే సీలు కొత్త ఆయిల్ ధారాళంగా లోపలికి రాకుండా అడ్డుపడుతుంది కూడా. అందువల్ల గ్రీజూ లేక, తాజా ఆయిలూ అందక, పాతబడిన ఆయిల్‌లోని తేమతోనూ ఆమ్లంతోనూ బాల్స్ తిరగవలసి వస్తుంది. ముందు బాల్స్ నడిచే గాడిలో సన్నని గుంటలు పడతాయి, తర్వాత ఉక్కు పెచ్చులు రాలతాయి, చివరికి బాల్స్‌ను ఎడంగా పట్టి ఉంచే పంజరమో, మధ్యలోని స్టడ్డో విరుగుతుంది. షాఫ్ట్ తన స్థానం తప్పిన క్షణంలో టైమింగ్ చైన్ పళ్లు దాటుతుంది, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి.

మీ కారులో ఏ బేరింగ్ ఉందో తెలుసుకోవడం మొదటి పని. తొలి ఇంజిన్లలో, అంటే సుమారు 2000 వరకు, రెండు వరుసల బాల్స్ ఉన్న బేరింగ్ వాడారు. అది మిగిలినవాటికంటే గట్టిది. ఆ తర్వాత 2005 దాకా చాలా ఇంజిన్లలో ఒకే వరుస ఉన్న చిన్న బేరింగ్ వచ్చింది, ఎక్కువగా దెబ్బతిన్నది ఇదే. 2006 నుంచి 2008 వరకు వచ్చిన 997 (తర్వాతి తరం 911), 987 (తర్వాతి తరం బాక్‌స్టర్, కేమన్) కార్లలో పెద్ద బేరింగ్ ఉంటుంది. ఇది మేలైనదే గాని, ఇంజిన్ కేసును రెండుగా విడదీస్తే తప్ప బయటికి రాదు. అదే కాలపు 911 టర్బో, జీటీ3 కార్లలో వేరే ఇంజిన్ ఉంది కనుక ఈ సమస్య లేదు. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజిన్లలో ఇంటర్మీడియట్ షాఫ్టే లేదు. కారు తయారైన ఏడాదిని మాత్రమే చూసి నిర్ణయానికి రావద్దు. వారంటీ కాలంలో ఇంజిన్ మార్చిన కార్లు తక్కువేమీ కావు, కాబట్టి ఇంజిన్ నంబరు చూడాలి. ఖాయంగా తెలిసేది మాత్రం గేర్‌బాక్స్ దించినప్పుడే: బేరింగ్‌ను కప్పి ఉంచే మూత, అంటే ఫ్లాంజ్, మధ్యలో 22 మిల్లీమీటర్ల నట్టు కనిపిస్తే అది పెద్ద బేరింగ్.

ఫిల్టరును చదవడం

ఈ బేరింగ్ చాలాసార్లు చప్పుడు చేయకుండానే పాడవుతుంది. చప్పుడు వినిపించే సరికి జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. అందుకే చెవిమీద ఆధారపడేవారికంటే ప్రతి ఆయిల్ మార్పులోనూ ఫిల్టరును కోసి చూసేవారే తమ ఇంజిన్‌ను కాపాడుకుంటారని నేను గట్టిగా నమ్ముతాను. ఈ పనికి ఖరీదైన పరికరాలేమీ అక్కరలేదు, కావలసిందల్లా ఓపిక.

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు 8 మిల్లీమీటర్ల అలెన్ కీతో డ్రెయిన్ ప్లగ్ విప్పి, ఆయిల్‌ను శుభ్రమైన పాత్రలోకి దించాలి. ధార మధ్యలో ఒక చిన్న సీసాడు ఆయిల్ పట్టి, ల్యాబ్ పరీక్షకోసం విడిగా ఉంచుకోవడం మంచిది. ఆ తర్వాత ఫిల్టరు డబ్బాను 74 మిల్లీమీటర్ల, 14 పలకల కప్పు పానాతో విప్పాలి. డబ్బా అడుగున కొద్దిగా ఆయిల్ మిగిలి ఉంటుంది. చాలామంది దాన్ని పారబోస్తారు. పారబోయకుండా తెల్లని పళ్లెంలోకి వంచి, ఎండలో పళ్లేన్ని అటూ ఇటూ వాల్చి చూడండి. బరువైన రేణువులు చేరేది అక్కడికే.

ఫిల్టరు కాగితాన్ని రెండు కొసల మూతల దగ్గర పదునైన బ్లేడుతో కోయాలి. రంపంతో కోయవద్దు, రంపం నుంచి రాలిన ఇనుప రజనే ఫిల్టరులో చేరి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. కాగితాన్ని కాసేపు వేలాడదీసి ఆయిల్ కారనిచ్చి, మడతలను ఒక్కొక్కటిగా విప్పి, ఆయిల్ లోనికి వచ్చే బయటి ముఖాన్ని మడత లోతుల దాకా చూడాలి. పలుచని ప్లాస్టిక్ సంచిలో పెట్టిన అయస్కాంతాన్ని కాగితం మీద నెమ్మదిగా జరపండి. సంచిని తిరగేస్తే అంటుకున్నవి మాత్రమే విడిగా చేతికి వస్తాయి.

ఇప్పుడు దొరికినవాటిని వేరు చేయాలి. అయస్కాంతానికి అంటుకునే మెరిసే పెచ్చులు ఉక్కువి, ఈ ఇంజిన్‌లో వాటికి ముందుగా అనుమానించవలసింది ఐఎంఎస్ బేరింగ్‌నే. అంటుకోకుండా వెండిలా తళుక్కుమనే తేలిక రేణువులు అల్యూమినియం కావచ్చు, అంటే పిస్టన్ వైపో సిలిండర్ గోడ వైపో చూడాలి. రాగి రంగు రేణువులు క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరుగుతున్నాయని చెబుతాయి. గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలు టైమింగ్ చైన్ జారే ప్యాడ్లవి. పాత ఇంజిన్‌లో ఒకటీ అరా కనబడితే కంగారుపడనక్కరలేదు. నల్లని సన్నని రబ్బరు పీలికలు కనిపిస్తే మాత్రం జాగ్రత్తపడాలి, అవి బేరింగ్ సీలు చిరిగి వచ్చినవి కావచ్చు.

తిరిగి బిగించేటప్పుడు డ్రెయిన్ ప్లగ్‌కు కొత్త వాషరు వేసి 50 న్యూటన్ మీటర్లకు, ఫిల్టరు డబ్బాను 25 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచితో బిగించాలి. అయస్కాంతం ఉన్న డ్రెయిన్ ప్లగ్ వేసుకుంటే మరుసటిసారి చూడడానికి ఇంకొక సాక్ష్యం దొరుకుతుంది.

ల్యాబ్ నివేదిక గురించి ఒక హెచ్చరిక తప్పనిసరి. ఆయిల్‌లోని ఇనుము, క్రోమియం స్థాయులు ఒక మార్పు నుంచి మరొక మార్పుకు పెరుగుతున్నాయంటే అది విలువైన సమాచారమే. అయితే ఆ పరీక్ష కొలవగలిగేది అతి సన్నని రేణువులను మాత్రమే. కంటికి కనిపించే పెచ్చులు ఆ లెక్కలోకి రావు. కాబట్టి ఫిల్టరులో ఉక్కు పెచ్చులు ఉండి, నివేదిక బాగుందని వస్తే, ఫిల్టరునే నమ్మాలి.

ఇతర సూచనలు

పోర్షాకు పనికివచ్చే స్కానర్ ఉంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కి, స్థిరంగా ఐడిల్‌లో ఉన్నప్పుడు క్యామ్‌షాఫ్ట్ డీవియేషన్ విలువలను, అంటే క్యామ్‌షాఫ్ట్‌లు ఉండవలసిన స్థానం నుంచి ఎంత తప్పాయో, చూడవచ్చు. అవి ప్లస్ లేదా మైనస్ 6 డిగ్రీల లోపు ఉండాలి. అయితే విలువ ఎంత అన్నదానికంటే అది నిలకడగా ఉందా లేదా అన్నదే నా దృష్టిలో ముఖ్యం. హద్దుకు దగ్గరగా ఉండి కదలకుండా నిలిచిన విలువ చాలాసార్లు అరిగిన చైన్ ప్యాడ్ల సంగతి చెబుతుంది. ఐడిల్‌లోనే ఊగిసలాడే విలువ మాత్రం షాఫ్ట్ సరిగా కూర్చోలేదన్న అనుమానాన్ని బలపరుస్తుంది.

ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఆయిల్ చెమ్మ కనిపిస్తే అది క్రాంక్‌షాఫ్ట్ వెనుక సీలు నుంచైనా రావచ్చు, ఐఎంఎస్ ఫ్లాంజ్ నుంచైనా రావచ్చు. చెమ్మ ఉన్నంతమాత్రాన బేరింగ్ పోయినట్టు కాదు, లేనంతమాత్రాన బాగున్నట్టూ కాదు. గేర్‌బాక్స్ వైపు నుంచి గరగరమనే చప్పుడు వస్తే మెకానిక్ స్టెతస్కోపుతో ఎక్కడినుంచో నిర్ధారించుకోవాలి. క్లచ్ పెడల్ తొక్కగానే ఆ చప్పుడు మారితే క్లచ్ బేరింగ్‌ను ముందుగా అనుమానించవచ్చు.

లోహం కనిపించినప్పుడు

కారు నడుస్తుండగా ఇంజిన్ వెనుకనుంచి హఠాత్తుగా కరకరమనే శబ్దం మొదలైతే, దగ్గర్లో ఎగ్జిట్ ఉంది కదా, అంతవరకు పోదామని అనుకోకండి. భద్రంగా పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపండి. శబ్దం ఇంకా వస్తోందేమో చూడడానికి మళ్లీ స్టార్ట్ చేయవద్దు, చైన్ పళ్లు దాటేది అప్పుడే కావచ్చు. ఫ్లాట్‌బెడ్ లారీని పిలిపించి, ఇంజిన్ తిప్పకుండానే గ్యారేజీకి చేర్చాలి.

ఫిల్టరులో దుమ్ములాంటి ఒకటి రెండు రేణువులు మాత్రమే ఉండి, అవేమిటో తేలకపోతే, ఆయిల్‌ను ల్యాబ్‌కు పంపి, కొత్త ఫిల్టరును మామూలుకంటే చాలా ముందుగానే తీసి మళ్లీ కోసి చూడవచ్చు. పెచ్చులే దొరికితే కారును నడపడం అక్కడితో ఆగాలి. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ ప్లేటు విప్పి అడుగున ఏం చేరిందో చూడాలి.

ఈ దశలో ఎక్కువమంది చేసే తప్పు, గ్యారేజీలు కూడా కొన్నిసార్లు ప్రోత్సహించే తప్పు ఒకటుంది. పాడైన బేరింగ్ తీసి కొత్తది వేస్తే సమస్య తీరిపోతుందనుకోవడం. రాలిన ఉక్కు అప్పటికే ఆయిల్‌తోపాటు ఇంజిన్ అంతటా తిరిగి ఉంటుంది. ఫ్యాక్టరీ ఫిల్టరు డబ్బాలో బైపాస్ వాల్వు ఉంది కాబట్టి కొంత ఆయిల్ వడపోత లేకుండానే పోతుంది. ఆ ఉక్కు కొత్త బేరింగ్‌లోకీ, క్రాంక్ బేరింగుల్లోకీ, చైన్లను బిగుతుగా ఉంచే టెన్షనర్లలోకీ చేరుతుంది. పెచ్చులు రాల్చిన ఇంజిన్‌ను పూర్తిగా విప్పి, ప్రతి ఆయిల్ దారినీ కడిగి, బేరింగులన్నీ కొలిచి బిగించాలి, లేదా వేరే ఇంజిన్ వేయాలి. మూడో దారి చూపించేవారి మాట వినవద్దు.

బేరింగ్ మార్చడం

మార్చవలసింది ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లోనే. గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ దించితే తప్ప ఫ్లాంజ్ కనబడదు కాబట్టి క్లచ్ మార్చే సమయమే దీనికి తగిన సమయం. ఇది మొదటిసారి పానా పట్టినవారు చేసే పని కాదు. అయినా పని ఎలా జరగాలో యజమానికి తెలిసి ఉంటే గ్యారేజీని సరైన ప్రశ్నలు అడగగలుగుతారు. ముందు ఫిల్టరు, సంప్, క్యామ్ విలువలు చూసి ఇంజిన్ అర్హమైనదని నిర్ధారించాలి. క్రాంక్‌ను టీడీసీకి, అంటే పిస్టన్ పైకొసకు చేరే స్థానానికి, తెచ్చి, పుల్లీ రంధ్రంలో పిన్ను పెట్టి బంధించాలి. క్యామ్‌షాఫ్ట్ కొసల ప్లాస్టిక్ మూతలు తీసి, క్యామ్‌లను ప్రత్యేక పరికరంతో కదలకుండా పట్టాలి. ఆ తర్వాతే చైన్ టెన్షనర్లు విప్పాలి. ఈ వరుస తప్పితే షాఫ్ట్ ఒక పక్కకు ఒరిగి టైమింగ్ మారిపోతుంది. ఫ్లాంజ్ తీశాక బేరింగ్‌ను పుల్లర్‌తోనే లాగాలి, సుత్తి వాడకూడదు. కొత్తదాన్ని కూడా దాని పరికరంతోనే నొక్కి ఎక్కించాలి, ఎందుకంటే బాల్ బేరింగ్ మీద పడిన ఒక్క దెబ్బ దాని గాడిలో కొత్త గుంట వేస్తుంది. అంతా బిగించాక ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు పూర్తిగా తిప్పి, టైమింగ్ గుర్తులు కలిశాయని చూసిన తర్వాతే తాళం చెవి తిప్పాలి. గేర్‌బాక్స్ కింద ఉండగానే క్రాంక్‌షాఫ్ట్ వెనుక సీలు కూడా మార్చేయండి.

కొత్త బేరింగ్ ఎంపికలో సెరామిక్ బాల్స్ ఉన్న బేరింగ్ సామాన్యమైన మంచి ఎంపిక. అయితే అది కూడా శాశ్వతం కాదు, తయారీదారు చెప్పిన గడువుకు మళ్లీ మార్చాలి. ఎక్కువ కాలం కారు ఉంచుకునేవారికి, ఖర్చు భరించగలిగినవారికి, బాల్స్ లేకుండా ఒత్తిడితో వచ్చే ఆయిల్ మీద నడిచే ప్లెయిన్ బేరింగ్ కిట్‌నే నేను సూచిస్తాను, ఎందుకంటే ఆయిల్ అందకపోవడమనే మూలకారణాన్ని తొలగించేది అదే. 2006 తర్వాతి పెద్ద బేరింగ్ ఉన్నవారు క్లచ్ మార్చినప్పుడు సన్నని కొక్కెంతో దాని బయటి రబ్బరు సీలును తీయించుకుంటే చాలు, ఇంజిన్ ఆయిల్ బాల్స్‌కు అందుతుంది.

మార్చినా మార్చకపోయినా, ఆయిల్‌ను ఫ్యాక్టరీ పుస్తకంలో రాసిన పొడవాటి గడువుకు వదలకుండా 8,000 కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందైతే దానికి మార్చాలి. న్యూజెర్సీ వంటి చలిప్రాంతాల్లో శీతకాలమంతా కదలని కారుకు ఈ ఏడాది గడువు మరింత ముఖ్యం. నిలిపి ఉంచిన కారు ఆయిల్‌లో తేమ చేరుతుంది, అది ఆవిరై పోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కేంత దూరం నడవాలి. కొద్ది నిమిషాల ప్రయాణాలు ఆ పని చేయవు. ఎక్కువ గేరులో తక్కువ ఆర్‌పీఎంతో ఇంజిన్‌ను ఈడ్చడం కూడా బేరింగ్‌కు మంచిది కాదు.

ఈ ఖర్చు ఇప్పుడు యజమానిదే. ఒకే వరుస బేరింగ్ ఉన్న 2001-2005 కార్ల విషయంలో అమెరికాలో యజమానులందరి తరఫున ఉమ్మడిగా నడిచిన క్లాస్ యాక్షన్ దావా 2013లో రాజీతో ముగిసింది గాని, ఆ రాజీ కింద పరిహారం అడిగే గడువు ఎప్పుడో దాటిపోయింది. అందువల్ల కారు కొనేముందు పాత యజమానిని ఏ రకం బేరింగ్, ఎన్ని మైళ్ల దగ్గర, ఏ తేదీన వేయించారో రాసిన బిల్లు చూపించమని అడగండి. బిల్లు లేకపోతే బేరింగ్ మార్చలేదనే లెక్కవేసి, ధరలో ఆ పని ఖర్చు తగ్గించమని అడగండి. కొనుగోలుకు ముందు ఆయిల్ ఫిల్టరు విప్పి చూడడానికి ఒప్పుకోని కారును, ఎంత మెరుస్తున్నా, కొనకండి.