ట్యూబ్ ఎర్రబడింది, స్పార్క్ రాలేదు

811ఎ అనే వాక్యూమ్ ట్యూబ్‌తో కట్టిన టెస్లా కాయిల్ ఇది, అంటే హై వోల్టేజ్‌తో గాల్లోకి స్పార్క్‌లు పుట్టించే పరికరం. ఫిలమెంట్ 6.3 వోల్టుల దగ్గర చక్కగా వెలిగింది. హై వోల్టేజ్ ఇవ్వగానే మాత్రం ట్యూబ్ లోపలి ప్లేట్ ఎర్రగా కాగిపోయింది, పైన స్పార్క్ జాడే లేదు. వెంటనే ఆపేశాను. ఆసిలేషన్, అంటే కరెంట్ వేగంగా అటూ ఇటూ ఊగడం, మొదలవకపోతే పవరంతా ప్లేట్ మీదే వేడిగా మారుతుంది, ట్యూబ్ ఎక్కువసేపు తట్టుకోదు.

ఈ సర్క్యూట్‌లో గ్రిడ్‌కి (ట్యూబ్‌లో కరెంట్‌ను అదుపుచేసే భాగానికి) సిగ్నల్ వచ్చేది ఫీడ్‌బ్యాక్ కాయిల్ నుంచే. దాని ఫేజ్ (సిగ్నల్ ఊగే దిశ) తిరగబడి ఉంటే ఆసిలేషన్ పుట్టనే పుట్టదు. చుట్లు ఎటు తిరిగాయో లెక్కలు వేసేకంటే దాని రెండు కొసలూ అటూ ఇటూ మార్చి చూడటం తేలిక. మార్చాను, ఊదారంగు స్పార్క్ లేచింది! ఆ క్షణం ఎంత సంతోషమో చెప్పలేను.

కానీ స్పార్క్ పొట్టిగా ఉంది. ఇక ట్యూనింగ్, అంటే ప్రైమరీ (కరెంట్ ఇచ్చే కాయిల్), సెకండరీ (స్పార్క్ వచ్చే కాయిల్) రెండింటి ఫ్రీక్వెన్సీలూ కలపడం. స్పార్క్ తనవంతు కెపాసిటెన్స్ (చార్జ్ నిలుపుకునే గుణం) కలపడంతో సెకండరీ ఫ్రీక్వెన్సీ కాస్త దిగుతుంది. అందుకని ప్రైమరీ ట్యాప్‌ను (చుట్ల మీద వైరు తగిలించే చోటును) కొంచెం ఎక్కువ చుట్లవైపు జరుపుతూ పోయాను. ముట్టుకునే ముందు ప్రతిసారీ ప్లగ్ పీకి, కెపాసిటర్లను రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో సరిచూసుకున్నాను. ఇది ప్రాణం తీసే వోల్టేజ్, దీన్ని మాత్రం ఎవరూ వదలొద్దు.

సరైన ట్యాప్ దగ్గర స్పార్క్ కత్తిలా నిటారుగా సాగింది, ప్లేట్ ఎరుపూ తగ్గింది.