పాటలు ఎక్కడున్నాయో చూసుకుని స్పీకర్ కొనండి

మా చుట్టాల్లో ఎవరు మ్యూజిక్ సిస్టమ్ కొనాలన్నా ముందు నాకే ఫోన్ చేస్తారు. సోనోస్ కంపెనీ వైఫై స్పీకర్ కొననా, రాస్ప్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటర్ పెట్టుకోనా అంటారు. నేను ఎదురు అడిగేది ఒక్కటే: మీ పాటలు ఎక్కడున్నాయి?

అన్నీ స్పాటిఫైలోనో యాపిల్ మ్యూజిక్‌లోనో ఉంటే బుర్ర పాడుచేసుకోకండి. సులువుగా ఉండేదే తీసుకోండి. బ్లూటూత్ ఒక్కటే ఉన్నది మాత్రం వద్దు. బ్లూటూత్‌లో పాట ఫోన్ నుంచే వెళ్తుంది కాబట్టి ఎవరైనా ఫోన్ చేస్తే పాట ఆగిపోతుంది. స్పాటిఫై కనెక్ట్ ఉన్న వైఫై స్పీకర్ అయితే పాటను నెట్ నుంచి తనే తెచ్చుకుంటుంది, ఫోన్ రిమోట్‌లా పనిచేస్తుందంతే. ఐఫోన్ వాళ్లు ఎయిర్‌ప్లే 2 (వైఫై మీద స్పీకర్‌కి పాట పంపే యాపిల్ పద్ధతి) ఉందో లేదో చూసుకోండి. షాపులోనే ఫోన్ ఇంట్లో పెద్దవాళ్ల చేతికిచ్చి పాట పెట్టమనండి. వాళ్లకి కుదిరితే సగం టెన్షన్ పోయినట్టే.

ఇందులో ఒక చిక్కుంది. యాప్ కంపెనీ చేతిలో ఉంటుంది. 2024 మేలో సోనోస్ కొత్త యాప్ తెచ్చినప్పుడు స్లీప్ టైమర్ లాంటివి కొన్నాళ్లు లేకుండా పోయాయి, వాడేవాళ్లు చేయగలిగిందేమీ లేదు.

మా ఇంటి కథ వేరు. నాన్నగారు రికార్డు చేసుకున్న కచేరీ క్యాసెట్లు ఏ యాప్‌లోనూ దొరకవు. అందుకని వాటిని నాణ్యత తగ్గకుండా దాచే ఫ్లాక్ ఫైళ్లుగా మార్చి, రాస్ప్‌బెర్రీ పై మీద లిరియన్ మ్యూజిక్ సర్వర్ పెట్టాను. మన డిస్క్‌లోని పాటల్ని ఇంట్లో స్పీకర్లకి పంపే సాఫ్ట్‌వేర్ అది. ఒకప్పటి స్క్వీజ్‌బాక్స్ అనే మ్యూజిక్ పెట్టెల కోసం చేసిందే ఇది. లాజిటెక్ ఆ పెట్టెల్ని 2012లో ఆపేసినా, అభిమానులు దీన్ని నడిపిస్తూనే ఉన్నారు. ఉచితం. సీడీ నాణ్యతలో గంట సంగీతానికి సుమారు 300 ఎంబీ పడుతుంది, కాబట్టి 1 టీబీ డిస్క్ కొన్నేళ్లు సరిపోతుంది.

అసలు పనంతా ట్యాగుల దగ్గరే, అంటే ప్రతి ఫైల్లో పాట వివరాలు రాసే గడుల దగ్గర. ఆర్టిస్ట్ గడిలో పాడినవారు, కంపోజర్ గడిలో త్యాగరాజో శ్యామశాస్త్రో, జానర్ గడిలో రాగం వేశాను. ఇప్పుడు తోడి నొక్కితే ఇంట్లో ఉన్న తోడి అంతా వరసగా వస్తుంది. ఏ కంపెనీ యాప్ ఇంత వివరంగా చూపిస్తుంది చెప్పండి? కాకపోతే ఒక ఫైల్లో కల్యాణి, ఇంకో దాంట్లో కళ్యాణి అని కొడితే రెండు రాగాలైపోతాయి. మొదటే ఒక పద్ధతి పెట్టుకోండి. ఈ ఓపిక లేనివాళ్లు ఇటువైపు రావద్దు.

కరెంటు హఠాత్తుగా పోతే రాస్ప్‌బెర్రీ పైలోని మెమరీ కార్డు పాడవ్వచ్చు. దాన్నీ రౌటర్‌నీ ఇన్వర్టర్ లైన్ మీద పెట్టండి. పాటల డిస్క్‌కి ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉంచండి.

యాప్ పాటలూ సొంత ఫైళ్లూ రెండూ కావాలంటే వీమ్ లాంటి చిన్న స్ట్రీమర్ (వైఫై మీద పాట తెచ్చి యాంప్లిఫయర్‌కి ఇచ్చే పెట్టె) చూడండి. పాత యాంప్లిఫయర్‌కి తగిలిస్తే చాలు, స్పాటిఫై కనెక్ట్ వస్తుంది. రేపు లిరియన్ పెట్టుకున్నా ఆ పెట్టే పనికొస్తుంది.