బోర్లు ఎండిన ఏడాది కాలనీ గ్రౌండ్‌ను ఎలా కాపాడుకోవాలి?

ఏప్రిల్ వచ్చేసరికి హైదరాబాద్ కాలనీల్లో బోర్లు గాలి కక్కడం మొదలుపెడతాయి. ఇంట్లోకి ట్యాంకర్ బుక్ చేసి ఎదురుచూస్తున్నవాళ్లకి, గ్రౌండ్‌లో పైపు పారుతుంటే ఒళ్లు మండదా మరి? అలాగని పూర్తిగా వదిలేస్తే సెలవుల్లో పిల్లల మోకాళ్లు చీరుకుపోతాయి. ముందు గ్రౌండంతా పచ్చగా ఉండాలన్న ఆశ వదులుకోండి.

మన గ్రౌండ్లలో ఎక్కువగా ఉండేది గరిక. వినాయకుడికి పెట్టే గరికే. పైన ఎండిపోయినా భూమిలోని కాండాల్లో ప్రాణం నిలుపుకుంటుంది, వానలు పడగానే చిగురిస్తుంది. రంగు మారిందని టెన్షన్ పడొద్దు.

ఇక లెక్క వేయండి. చదరపు మీటరు నేలను ఒక మిల్లీమీటరు తడపడానికి ఒక లీటరు కావాలి. 1,000 చదరపు మీటర్లకు 5 మిల్లీమీటర్లంటే 5,000 లీటర్లు, ఒక ట్యాంకర్ ఖాళీ. మే ఎండకు ఆ తడి రోజు కూడా నిలవదు. అదే క్రికెట్ పిచ్ ఒక్కటీ అయితే, 20 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 300 లీటర్లు చాలు. డ్రమ్మున్నర! అందుకే పిచ్, బౌలర్ పరుగెత్తే దారి, గోల్ ముందు భాగం, కబడ్డీ కోర్టు, వీటి చుట్టూ సున్నంతో గీత గీసి అంతవరకే తడపండి.

నల్లా నీళ్లు మాత్రం ముట్టుకోవద్దు. కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపు చేస్తే వస్తున్నాయి. దగ్గర్లో పెద్ద అపార్ట్‌మెంట్ ఉంటే వాళ్ల ఎస్టీపీలో, అంటే మురుగునీటి ప్లాంటులో, శుద్ధి చేసిన నీళ్లు అడగండి. 2024లో బెంగళూరు చిన్నస్వామి స్టేడియం ఐపీఎల్‌కు వాడింది శుద్ధి చేసిన మురుగునీటినే. ఆ నీళ్లు నింపే ట్యాంకు మీద ‘తాగరాదు’ అని పెద్దక్షరాలతో రాయించండి, తడిపిన చోట ఆరేదాకా ఆట వద్దు.

తడపడంలోనే అందరం తప్పు చేస్తాం. ఒకసారి మా గ్రౌండ్‌కి ట్యాంకర్ పదకొండింటికి వచ్చింది. పైపు ఒకచోట పడేసి చాయ్‌కి వెళ్లాం. తిరిగొచ్చేసరికి నీళ్లు గేటు దాటి రోడ్డెక్కాయి. తడిసిన చోట వేలితో గీకితే అంగుళం కింద పొడి మట్టే! నేల పైన పెచ్చు కట్టి ఉంటే నీరు లోపలికి దిగదు. అప్పటినుంచి ముందు రోజే గడ్డపారతో అడుగుకొకటి చొప్పున నాలుగంగుళాల లోతు గుంతలు పొడుస్తున్నాం. తెల్లవారుజామున కొంచెం పోసి, అది ఇంకాక మళ్లీ పోస్తాం. పోసే ముందు పాత స్క్రూడ్రైవర్ నేలలో గుచ్చి చూడండి. పిడి దాకా తేలిగ్గా దిగితే ఆ రోజు నీళ్లు అక్కర్లేదు.

గడ్డి రెండంగుళాల కంటే పొట్టిగా కోయొద్దు, కోసింది అక్కడే వదిలేయండి. యూరియా అసలే వద్దు.

ఆట తగ్గించడం అన్నిటికంటే కష్టం. “అంకుల్, ఒక్క మ్యాచే” అంటారు, ఆ ఒక్కటీ చీకటి పడేదాకా సాగుతుంది. మానమంటే వినరు కానీ, వికెట్లు పక్కకు జరపమంటే వింటారు. వారానికోసారి పిచ్, గోల్ పోస్టులు మార్చండి. మేకుల బూట్లు వానాకాలం దాకా బంద్.

రోహిణి కార్తె దాటకముందే ఒక ఇంకుడు గుంత తవ్వించండి. ఆడే చోటికి దూరంగా, పల్లపు మూలన. అడుగున పెద్ద రాళ్లు, వాటిపైన కంకర, ఆపైన ఇసుక వేసి, చుట్టూ కంచె కట్టించండి. పల్లం ఎటుందో తెలియకపోతే మొదటి జల్లు పడ్డప్పుడు గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడండి. నీళ్లు ఎటు పరుగెడతాయో అవే చూపిస్తాయి.