పిల్స్‌నర్ చేదును నాలుకతో చదవడం

పిల్స్‌నర్‌ని మంచులా చల్లబరిచి గటగటా తాగేస్తే అందులోని హాప్స్ పూల వాసన ముక్కుకు అందదు. ఈ బీరుకు ప్రాణమే హాప్స్, అంటే బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే పూలు. 1842లో నేటి చెక్ దేశంలోని బొహీమియా ప్రాంతపు పిల్సెన్‌లో, జర్మన్ ప్రాంతమైన బవేరియా నుంచి వచ్చిన జోసెఫ్ గ్రోల్ దీన్ని మొదట తయారుచేశాడు. లేతరంగు మాల్ట్‌కి (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీకి) సాజ్ అనే చెక్ రకం హాప్స్ తోడయ్యాయి. అక్కడి నీటిలో లవణాలు బాగా తక్కువ కాబట్టి చేదు గట్టిగా ఉన్నా నాలుకకు గరుకుగా తగలదు.

కొనేటప్పుడు ముందు తేదీ చూడండి. నింపి మూడు నెలలు దాటని సీసా మేలు, ఎందుకంటే మొదట ఎగిరిపోయేది హాప్స్ వాసనే. ఆకుపచ్చ సీసా కంటే గోధుమరంగు సీసా నయం, డబ్బా ఇంకా నయం. వెలుతురు తగిలితే హాప్స్ చేదు పదార్థాలు విడిపోయి, కాలిన రబ్బరు లాంటి కంపు పుడుతుంది. ఎండలో అందుకు కొద్ది నిమిషాలు చాలు.

గ్లాసుకు జిడ్డు ఉంటే నురగ నిలవదు. పోశాక గ్లాసు లోపలి గోడకు బుడగలు అంటుకున్నాయంటే సరిగా కడగలేదన్నమాట. కడిగిన గ్లాసును చల్లటి నీటితో తడిపి, వాల్చి సగం దాకా పోయండి. తర్వాత నిలబెట్టి, పైన మూడు వేళ్ల మందాన నురగ వచ్చేలా మిగతాది పోయండి. బీరు 6 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ మరీ చల్లగా ఉంటే పోశాక ఐదారు నిమిషాలు ఆగండి.

వాసన రెండుసార్లు, చిన్నగా పీల్చండి. ముక్కు త్వరగా అలిసిపోతుంది, మధ్యలో మీ చేతి వెనుకభాగం వాసన చూస్తే తేరుకుంటుంది. సాజ్‌లో ఎండుగడ్డి, పూలు, కాస్త మిరియపు ఘాటు తెలుస్తాయి. జర్మన్ హాప్స్‌లో పచ్చగడ్డి, నిమ్మతొక్క వాసనలు తగలవచ్చు.

ఇక గుక్క. ఒక చెంచాడు తీసుకుని మూడు సెకన్లు నోట్లో ఉంచి మింగండి, నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. హాప్స్ అసలు పరిమళం అప్పుడే తెలుస్తుంది. తర్వాత చేదు ఎలా ముగుస్తుందో గమనించండి. మంచి పిల్స్‌నర్‌లో చేదు మింగాక పైకి లేచి, శుభ్రంగా తగ్గి, మరో గుక్క అడుగుతుంది. నోరు పిడచకట్టినట్టయితే అది చేదు కాదు, వగరు. ఉగాది పచ్చడి తిన్నవాళ్లకు ఈ తేడా చెప్పక్కర్లేదు: వేపపువ్వుది చేదు, మామిడి పిందెది వగరు. మాల్ట్ పొట్టును మరీ వేడినీళ్లతో కడిగితే ఈ వగరు దిగుతుంది.

పోల్చి చూడాలంటే మూడు బీర్లు, ఒక్కోటి 100 మి.లీ. చాలు. ముందు పిల్సెన్‌లోనే చేసే పిల్స్‌నర్ ఉర్కెల్, అందులో మాల్ట్ తీపి చేదుకు తోడుంటుంది. తర్వాత ఉత్తర జర్మనీ యేవర్, తీపి లేకుండా, సూటిగా చేదు. చివరికి ఇటలీ టిపోపిల్స్. 1996లో మొదలైన ఈ బీరులో పులిశాక కూడా హాప్స్ వేస్తారు, అందుకే వాసన ముందు దూకుతుంది. మధ్యలో ఉప్పులేని బ్రెడ్డు, నీళ్లు. ఆవకాయ, బిర్యానీ తర్వాతే. కారం తిన్న నోటికి చేదు, గ్యాసు రెండూ మొరటుగా తగులుతాయి.

వెన్న వాసన ఉర్కెల్‌లో లేశంగా ఉంటే అది దాని తీరు, జర్మన్ పిల్స్‌లో అయితే లోపం. ఉడికిన మొక్కజొన్న వాసన ఎక్కువైతే కాచడంలో తేడా జరిగింది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే పాతబడింది. అడుగున రెండు గుక్కలు ఉంచి, కాస్త వెచ్చబడ్డాక మళ్లీ చూడండి. చలిలో దాగిన లోపాలన్నీ అప్పుడు బయటపడతాయి.