మైకులో గుయ్‌మనే మోత ఎలా పోయిందంటే

కడపలో మా ఇంటి వెనక గదిలోనే చెల్లెలి పాటలు రికార్డు చేస్తుంటాను. రెండు నెలలుగా ప్రతి రికార్డింగులో గుయ్‌మని సన్నని మోత. ఫ్యాన్ ఆపాం, ఫ్రిజ్ ఆపాం, పోలేదు. "అన్నా, నా గొంతు కంటే ఆ మోతే ముందు వినపడతాంది" అని చెల్లెలు దిగులు పడింది. మైకే చెడిందేమోనని నాకూ టెన్షన్.

చివరికి కేబుల్ ప్లగ్గు మూత విప్పి చూశాను. మైకు వైపు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్. రెండోవైపు గిటారుకు వాడే 6.35 మి.మీ. మోనో ప్లగ్గు, మొన దగ్గర ఒకటే నల్ల గీత. లోపల ఎర్ర తీగ ఒక్కటే మొనకు అతికి ఉంది. తెల్ల తీగను షీల్డుతో, అంటే తీగల చుట్టూ ఉండే లోహపు అల్లికతో, కలిపి టంకం పెట్టేశారు. తప్పంతా అక్కడే.

ఆ రెండు తీగలూ షీల్డుకు అంటకుండా విడిగా ఉండేదే బ్యాలెన్స్‌డ్ కేబుల్. అందులో సిగ్నల్ రెండు తీగల మధ్య తేడాగా నడుస్తుంది. కరెంటు వైర్ల నుంచి దూరే 50 హెర్ట్జ్ మోత మాత్రం రెండింటిలోనూ ఒకేలా చేరుతుంది. మైకును కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేస్ ఆ తేడానే తీసుకుంటుంది కాబట్టి పాట నిలుస్తుంది, మోత పోతుంది. మోనో ప్లగ్గుతో ఆ వీలే లేదు. మాది బయటి కరెంటు అక్కర్లేని డైనమిక్ మైకు కాబట్టి పాటైనా వినపడింది. కేబుల్ గుండానే 48 వోల్టులు అందాల్సిన కండెన్సర్ మైకైతే పలికేదే కాదు.

రెండువైపులా ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న మూడు మీటర్ల కేబుల్ తెచ్చాను. స్పీకర్లకు టీఆర్‌ఎస్ ప్లగ్గులవి, అంటే మొన దగ్గర రెండు గీతలుండే బ్యాలెన్స్‌డ్ రకం. బంగారు పూత కోసం ఎక్కువ డబ్బు పెట్టలేదు. షీల్డు నిండుగా అల్లారా, టంకం గట్టిగా ఉందా అన్నదే చూశాను. కరెంటు వైరు పక్కనే పరచకుండా, తప్పని చోట అడ్డంగా దాటించాను.

ఆ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే, పల్లవి ఎత్తుకునే ముందు చెల్లెలు తీసుకున్న ఊపిరి కూడా వినిపించింది.