కోనసీమలో పాత బెంజి కారు కొనేముందు

మన వైపు బెంజి అంటే హోదా. పాత బండి కొనేవారికి మాత్రం ఆ పేరు వెనకనున్న చరిత్ర కూడా అక్కరకొస్తుంది. 1886లో కార్ల్ బెంజ్ మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు పొందారు. ఆయన సంస్థ, డైమ్లర్ సంస్థ 1926లో విలీనమై డైమ్లర్-బెంజ్ అయ్యాయి; ఆ కార్లకు మెర్సిడెస్ బెంజ్ అన్న పేరు వచ్చింది. గట్టితనమన్న కీర్తికి 1976లో వచ్చిన డబ్ల్యూ123 డీజిల్ కార్లు ముఖ్య కారణం. జర్మనీలో టాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగినవి అవే.

అయితే ఆ కీర్తిని ప్రతి బండికీ అంటగట్టకూడదు. 1990ల తొలి సగంలో తయారైన కొన్ని ఇంజన్లలో వైర్ల తొడుగు వేడికి పెళుసెక్కి రాలిపోతుంది కనుక, ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి ఒక వైరును మెల్లగా వంచి చూడండి.

లంక గ్రామాల్లో తిరిగిన కారైతే వరద నీటి జాడే అసలు పరీక్ష. సీటు బెల్టును చివరి వరకూ బయటికి లాగండి. పైభాగం శుభ్రంగా ఉండి, లోపల చుట్టుకుని ఉండే భాగంలో గోధుమ రంగు గీత కనిపిస్తే బండి మునిగిందని అనుమానించవచ్చు. కార్పెట్ ఎత్తి, సీటు పట్టాల మరల (స్క్రూల) సందుల్లో ఎండిన ఒండ్రు ఉందేమో వేలితో గీకి చూడాలి. కొత్త కార్పెట్ వేయడం సులువే, మరల సందులు కడగడం అంత సులువు కాదు. అంతర్వేది వంటి తీరప్రాంతపు బండికి ఉప్పుగాలి తుప్పు కోసం జాకీ పెట్టే చోట్లను తప్పక తడమండి.

రిజిస్ట్రేషను 15 ఏళ్లు దాటితే, పునరుద్ధరణ పత్రం చేతికందాకే బయానా ఇవ్వండి.